పెద్దమ్మ పాదాలు, అలాస్కా మంచు

యాత్రలు తిప్పే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, "ఆంటీ, ఏదైనా కిటుకు చెప్పండి" అంటారు. నా దగ్గరున్న కిటుకు ఒక్కటే. గుడి దగ్గరైనా, బుద్ధుడి ఫయా మెట్ల దగ్గరైనా మనుషుల్ని లెక్కపెట్టకండి. మనుషులు కదులుతారు, దారి తప్పుతారు, బాత్రూముకి పోతారు. చెప్పులు లెక్కపెట్టండి. అవి విప్పిన చోటే ఉంటాయి. ఎవరి జత ఇంకా మెట్ల దగ్గరుందో చూస్తే, ఎవరు ఇంకా లోపల దేవుణ్ణి విసిగిస్తున్నారో తెలిసిపోతుంది. పిల్లలు నవ్వేసి ఫోన్లు తీస్తారు. గుంపులో ఎవరెక్కడున్నారో మ్యాపులో చుక్కల్లా కనిపిస్తారట. మంచిదే, వర్ధిల్లండి. కానీ నా ఉద్యోగం మొత్తంలో మరిచిపోలేని రోజు కూడా చెప్పుల దగ్గరే మొదలైంది. ఇంకో కప్పు టీ పోసుకుని వినండి.

మాది రంగూను నడిబొడ్డున, మెట్లెక్కేసరికి ఆయాసం తెప్పించే మేడ మీద ఉన్న చిన్న కంపెనీ. కాశీ, గయ, తిరుపతి తిప్పేవాళ్ళం. మా తెలుగు వాళ్ళూ, బర్మావాళ్ళని పెళ్ళాడి బుద్ధుడి వైపు మళ్ళినవాళ్ళూ, ఇద్దరూ మాకు గిరాకీయే. గయ దాకా అందరూ కలిసే వచ్చేవారు, అక్కడినుంచి ఎవరి దేవుడి దగ్గరికి వాళ్ళు. అయితే వెళ్ళినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఇక చూడ్డానికేమీ మిగల్లేదని మొహం వేలాడేశారు. అప్పుడు మా ఓనరుకి పుట్టింది బుద్ధి. అలాస్కా! మొదట పెద్ద ఓడ మీద మంచుకొండల మధ్య ప్రయాణం, తర్వాత రైలు మీదా బస్సు మీదా లోపలి దేశం, చివర్న మంచునది మీద నడక. ఆయన మాత్రం రాడు. ఏటికి అవతలున్న డలా వెళ్ళే రేవు పడవ ఎక్కినా కడుపులో తిప్పే మనిషి.

"నువ్వే తీసుకెళ్ళు. ఏముంది? అదీ యాత్రే కదా" అన్నాడు.

మా యాత్రికులు కూడా ఆ మాటే నమ్మారు. తంటా అంతా అక్కడే వచ్చింది.

బయల్దేరే రోజు మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో ఒకమ్మాయి నన్ను పక్కకి లాగింది. రంగూనులోనే తామ్వే పేటలో ఉంటారు, ఆసుపత్రిలో నర్సు. వాళ్ళమ్మ మా గుంపులో అందరికంటే పెద్దావిడ, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

"సయామా," అంది ఆ పిల్ల. రంగూనులో టీచరమ్మనైనా, నర్సునైనా, నాలాంటిదాన్నైనా అలాగే పిలుస్తారు. "మా అమ్మ కాళ్ళు మీ చేతుల్లో పెడతన్నాను. షుగరు. పాదాలకి స్పర్శ లేదు. గుచ్చుకున్నా తెలీదు, కాలినా తెలీదు. పోయినేడు గుండం తొక్కి బొటనవేలు పోగొట్టుకునేదే. నెలల తరబడి నేనే కట్లు కట్టాను."

మా అమ్మవారి పండగ వైశాఖంలో, వానలు దిగకముందు. నిప్పుల గుండం తొక్కుతారు. పెద్దమ్మ ఏటేటా తొక్కుతుంది. ఈ కూతురికే చిన్నప్పుడు జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే, బతికిస్తే నా కాళ్ళు ఆడినన్నాళ్ళూ నిప్పు తొక్కుతానని మొక్కుకుంది. పిల్ల బతికింది, పెరిగి నర్సయింది, ఇప్పుడు ఆ కాళ్ళనే కాపాడుకోవాల్సి వచ్చింది. చెబితే తల్లి వినదు. అందుకని సరిగ్గా పండగ రోజుకి ఆవిడ సముద్రాల అవతల ఉండేలా మా మంచుయాత్రకి పేరు రాయించింది. గుడికి రంగులేస్తున్నారు, పండగ వెనక్కి జరిపారు, నువ్వు తిరిగొచ్చాకే అని ఇంట్లో చెప్పింది. గుడి కమిటీవాళ్ళు కూడా అవునవునని తలలూపారట.

"రోజూ పాదాల ఫోటో పంపండి," అంది. "పైనా, కిందా, వేళ్ళ మజ్జిన. ఆ కాళ్ళు ఎలాగున్నాయో అలాగే నాకు తెచ్చియ్యండి సయామా."

ఆ పిల్ల కళ్ళు చూసి తెచ్చిస్తానని మాటిచ్చాను. సూట్‌కేసులకీ మనుషులకీ పూచీ పడ్డాను గానీ, కాళ్ళకి పూచీ పడ్డం అదే మొదలు.

ఓడ సంగతి చెప్పాలంటే ముందు చెప్పుల సంగతే చెప్పాలి. మొదటి రాత్రి మావాళ్ళందరూ బుద్ధిగా చెప్పులు గది తలుపుల బయట విప్పి పడుకున్నారు. తెల్లారేసరికి ఒక్క జత లేదు. ఎవరో పారేసుకున్న సామాననుకుని ఓడ పనివాళ్ళు ఎత్తుకెళ్ళి గోనెలాంటి సంచీలో పోశారు. నేను వెళ్ళి కౌంటర్లో ఆ సంచీ దిమ్మరించి, ఇది ఈవిడది, ఇది ఆయనది అని ఏరుతుంటే అక్కడి కుర్రాడు నోరు తెరుచుకుని చూశాడు. నా విద్య విదేశాల్లో కూడా పనికొచ్చిందని గర్వంగానే ఉంది.

మా గుంపులో ఇంకొకాయన గురించి చెప్పాలి. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో ఉంటాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. తాతది గంజాం, ఈయన పూర్తిగా బర్మా మనిషి. అందరం ఊలే అనేవాళ్ళం, అంటే బాబాయి. భార్య ఎప్పుడూ పక్కనే ఉండేది. ఓడ ఒక పెద్ద మంచుగోడ ముందు ఆగినప్పుడు, మేడంత ముక్క విరిగి ఉరుములాంటి చప్పుడుతో నీళ్ళలో పడింది. తెల్లవాళ్ళందరూ కేకలేస్తూ ఫోటోలు తీశారు. ఊలే చేతులు జోడించి "తాదు, తాదు, తాదు" అన్నాడు. అంటే సాధు, సాధు, సాధు. ఎవరో పుణ్యకార్యం చేసినట్టు! మావాళ్ళందరూ అందుకున్నారు. తర్వాతి ముక్క పడేసరికి పక్కనున్న తెల్లవాళ్ళు కూడా తాదు చెప్పేశారు.

పెద్దమ్మ మాత్రం తిండి దగ్గర నన్ను కంగారు పెట్టింది. ఓడలో పొద్దస్తమానం తిండే. మావాళ్ళు మూడుపూటలా కంచాలు గోపురాల్లా నింపుకుంటుంటే ఈవిడ ఒంటిపూట తినేది, అదీ ఉడికిన కూరగాయలు. అడిగితే "నోరు సప్పగుందే" అనేది. షుగరు మనిషి కదాని నేను వెనకాల పడి రొట్టె ముక్కో, పెరుగో తినిపించేదాన్ని.

ఒక సాయంత్రం రోజూలాగే ఫోటో తీద్దామని కూర్చోబెట్టి మేజోళ్ళు విప్పుతున్నాను. ఆవిడ వంగింది, స్వెట్టరు చెయ్యి పైకి జరిగింది. మణికట్టుకి పసుపు దారం. దానికి చిన్న పసుపు కొమ్ము.

"ఏటిది పెద్దమ్మా?"

"కనబడతాలేదేటి? కంకణం."

"పండగ నువ్వు తిరిగెళ్ళాక కదా!"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఓలమ్మీ, ఆ అమ్మోరు నాకు నీకన్నా పాత సుట్టం. పండగెప్పుడో నాకు ఒకలు సెప్పాలేటే? గుడికి రంగులంట! నా కూతురు అబద్దమాడితే కుడి సెవి గోక్కుంటాది. ఆ దినం సెవి ఊడి సేతిలోకి వొచ్చేస్తాదేమోనని బయమేసింది నాకు."

"మరి అన్నీ తెలిసి ఎందుకొచ్చావు?"

"అంత కస్టపడి అబద్దమాడిందే పాపం. దాని మనసు నొప్పించడమెందుకని." పాదం ముందుకి చాపింది. "తియ్యి, తియ్యి పోటో. ఇదిగో కింద కూడా. ఆ నర్సమ్మ కాసుకోని కూసుంటాది."

ఫోటో పంపగానే నిమిషంలో జవాబొచ్చింది, ఎడమ మడమకి ఇంకాస్త క్రీము రాయమని. కంకణం సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నిప్పుల గుండం భూమికి అవతల ఉంది, ఈవిడ ఓడలో ఉంది, ఒక దారం ఏం చేస్తుందిలే అనుకుని ఊరుకున్నాను. పెద్దమ్మ మేజోళ్ళు వేసుకుంటూ, "ఆ మంచు మీద నడిపించేది ఏ దినమే?" అని మామూలుగా అడిగింది. మామూలుగానే చెప్పాను. ఆవిడ వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుని, తృప్తిగా తల ఊపింది. నేనేమో చూడ్డానికి ఉబలాటపడుతోంది కాబోలు అనుకున్నాను. తెలివి నాకు అప్పుడప్పుడు ఇలాగే సెలవు పెడుతుంది.

ఓడ దిగి, రైలెక్కి, బస్సెక్కి, చివరికి మంచునది దగ్గరికి చేరాం. కొండల మధ్య నుంచి ఒక ఏరు నడిచొస్తూ నడిచొస్తూ గడ్డకట్టి ఆగిపోయినట్టుంది. మమ్మల్ని నడిపించడానికి వచ్చిన అమ్మాయి రెండు జడలు వేసుకుని చూడ్డానికి స్కూలు పిల్లలా ఉంది గానీ, గొంతు పోలీసు గొంతు. బూట్ల కింద ఇనుప మేకుల పట్టీలు బిగించింది, నెత్తిన టోపీలు పెట్టింది. వరస తప్పకూడదు, ఒంటి మీదవి ఏవీ విప్పకూడదు, ఒక్కరు తప్పినా అందర్నీ వెనక్కి పంపేస్తాను అంది. నేను బర్మాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాను. అందరూ తలూపారు. తలూపడంలో మావాళ్ళని కొట్టేవాళ్ళు లేరు.

మా ఊరేగింపు మీరు చూసి ఉండాల్సింది. మందపాటి ప్యాంట్ల మీద మా బర్మా లుంగీలు, అదే లొంజీలు, బుగ్గల మీద తనాఖా చెక్క గంధం, నెత్తిన ఆ ఇనుప కుండలాంటి టోపీలు. ఊలే భుజాన గుడ్డసంచీ కూడా ఉంది. కాసేపు నడిచాక చదునుగా ఉన్న చోట ఆగాం. ఆ పిల్ల నన్ను పిలిచి దూరంగా ఏదో పగులు చూపిస్తూ, దాని లోతు గురించి చెబుతోంది. నేను విని, వెనక్కి తిరిగాను.

తెల్లటి మంచు మీద బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. అచ్చం ఫయా మెట్ల దగ్గర పెట్టినట్టు, జతకి జత, మొనలన్నీ ఒకే వైపు.

అలవాటు కొద్దీ లెక్కపెట్టేశాను. అన్ని జతలూ ఉన్నాయి. హమ్మయ్య, ఎవరూ తప్పిపోలేదు అనుకున్నాను కూడా. ఆ తర్వాత కదా, అవి కాళ్ళకి ఉండాల్సినవని తట్టింది!

జరిగిందేమిటంటే, పెద్దమ్మ సంచీ పరుచుకుని కూర్చుని బూటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఊలే చూశాడు. పెద్దావిడ చెప్పులు విప్పుతోందంటే ఇది విప్పాల్సిన చోటే. ఆయన విప్పాడు. ఆయన్ని చూసి భార్య, ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు. ఎందుకు అని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. రంగూను మనుషులం, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ముందువాళ్ళు విప్పితే మనమూ విప్పడమే. అందరూ మేజోళ్ళతో నిలబడి, చేతులు జోడించి, దేవుడు ఎటువైపున్నాడా అని చూస్తున్నారు.

రెండు జడల పిల్ల పెట్టిన కేకకి ఇంకో మంచుకొండ విరిగిపడాల్సింది. నేను పరిగెత్తాను. "ఊలే! ఇది ఫయా కాదు! వేసుకోండి, వేసుకోండి!"

"పెద్దావిడ విప్పింది కదా సయామా?" అన్నాడు ఆయన ఒంటికాలి మీద గెంతుతూ. "నాకూ కింద సల్లగా తగిలాక కొంచెం అనుమానమొచ్చింది."

అందర్నీ కసిరి బూట్లు తొడిగించాను. ఒక్కరే వేసుకోలేదు. పెద్దమ్మ బూట్లు పక్కన పెట్టేసి, మేజోడు లాగుతోంది. నేను మోకాళ్ళ మీద కూలబడి ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

"వొదలే. ఈ దినం పండగ."

"పెద్దమ్మా, రంగూనులో పండగ ఈపాటికి అయిపోయి ఉంటుంది. అక్కడ తెల్లారిపోయింది."

"అమ్మోరు నీలాగ వాచీ పెట్టుకుంటాదేటి? ఏడంటే ఏడడుగులు. నిప్పు లేదు గాబట్టి మంచు. ఇదీ కాలతాదని నా కూతురే సెప్పింది."

"ఈ కాలు నీది కాదు. నీ కూతురు నా చేతిలో పెట్టింది. నేనివ్వను."

అంతవరకూ నవ్వుతున్న మనిషి మొహం ఒక్కసారిగా మారిపోయింది. "దాని కోసమే కదే," అంది. కంకణమున్న చేత్తో కళ్ళొత్తుకుంది. "ఇంతుండేది. నా ఒళ్ళోనే కళ్ళు తేలేసింది. ఆ దినం నుంచి ఒక్క ఏడు తప్పలేదు నాను. ఈ ఏడు మానేసి, దానికేటైనా అయితే? నాకు కాళ్ళెందుకే అప్పుడు?"

నాకూ ఏడుపొచ్చింది. చేతిలో కాలు, ఎదురుగా తల్లి, నెత్తిమీద నిలబడి రెండు జడల పిల్ల. వదిలితే కూతురికిచ్చిన మాట పోతుంది, పట్టుకుంటే ఈవిడ ఏడాది పొడుగునా బెంగతో చచ్చిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది. పురిటి మంచం మీదున్న కోడలి బదులు అత్త గుండం తొక్కడం మా గుళ్ళో నేనే చూశాను. కంకణం మార్చి కడితే మొక్కు మారుతుంది.

"నాకియ్యి పెద్దమ్మా. నీ బదులు నేను తొక్కుతాను."

కళ్ళు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "నీకలవాటుందేటి?"

"లేదు."

"ఉపాసమున్నావేటి?"

"పొద్దున హోటల్లో నాలుగు రొట్టెలు తిన్నాను. జాముతో."

"మరెలాగే?" అంది నిజంగా కంగారుపడుతూ.

"ఆ రొట్టెల సంగతి అమ్మవారితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు ముందు బూట్లు వేసుకో."

మేజోడు పైకి లాక్కుని, బూట్లు తొడుక్కుంది. తర్వాతే కంకణం విప్పింది. నా చేతికి గట్టిగా ముడేసింది. నేను రెండు జడల పిల్ల దగ్గరికి వెళ్ళి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, ఒక తల్లి కూతురి కోసం ఇచ్చిన మాట, ఒక్క మనిషి, ఏడడుగులు అని. ఆ పిల్ల పెద్దమ్మని చూసింది, నన్ను చూసింది. చేతిలోని గొడ్డలితో కాస్త మేర గీకి చదును చేసింది. చేసి, అటు తిరిగి కొండని చూస్తూ నిలబడింది. ఆ పిల్లకీ ఒక తల్లి ఉండే ఉంటుంది.

నేను బూట్లు విప్పాను. మేజోళ్ళు విప్పాను. కాలు పెట్టాను.

అమ్మ బాబోయ్! నిప్పు సంగతి నాకు తెలియదు గానీ, మంచు కాలుస్తుంది. మొదటి అడుగుకే నెత్తిమీద జుట్టు లేచి నిలబడింది. భక్తితో అమ్మవారిని తలుచుకోవాలి కదా, నేను తలుచుకున్నది మా ఓనరుని. అదీ యాత్రే కదా అన్నాడే, ఆ నోటిని. పరుగందుకున్నాను.

"పరిగెత్తకే!" వెనకనుంచి పెద్దమ్మ కేక. "పరిగెడితే మొక్కు సెల్లదు! నెమ్మదిగా నడు!"

నెమ్మదిగా నడిచాను. ఊలే తాదు మొదలెట్టాడు, గుంపంతా అందుకుంది. చివరి అడుగులో బొటనవేలు మంచుకి అతుక్కుని, కాస్త తోలు అక్కడే నైవేద్యంగా మిగిలింది. ఊలే భార్య ఉరికొచ్చి తన శాలువాలో నా కాళ్ళు చుట్టేసింది.

పెద్దమ్మ వంగి, చేతొడుగు తీసి, మంచుని అరచేత్తో తాకి కళ్ళకద్దుకుంది. "సల్లగా సూడు తల్లీ నా కూతుర్ని," అంది. అని, చుట్టూ ఉన్న ఆ తెల్లటి కొండలన్నీ ఒకసారి కలయజూసి, చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. "ఇంతకన్నా సల్లగా ఏటి సూస్తాదిలే!"

ఆ సాయంత్రం ఫోటో పంపాను. పైనా, కిందా, వేళ్ళ మధ్యనా పాదాలు పువ్వుల్లా ఉన్నాయి. నిమిషంలో జవాబిచ్చే నర్సమ్మ ఆ పూట ఉలకలేదు, పలకలేదు. మర్నాటికి "బాగున్నాయి" అని ఒక్క మాట వచ్చింది. డ్యూటీలో ఉందేమోలే అనుకున్నాను. నా కాలి నొప్పిలో నేనున్నాను.

మింగళాడోన్‌లో దిగి బయటికొచ్చేసరికి ఆ పిల్ల నిలబడి ఉంది. ఎప్పుడూ గాలిలా నడిచే మనిషి మెల్లగా, కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. పాదాలకి ఎవరో మగవాళ్ళ పెద్ద చెప్పులు. వచ్చీ రాగానే నేల మీద కూర్చుని, జనమంతా చూస్తుండగా తల్లి బూట్లు విప్పి, ఒక్కొక్క వేలూ తడిమి తడిమి చూసింది.

"లెక్క సరిపోయిందేటి?" అంది పెద్దమ్మ. అని, కూతురి చెయ్యి గబుక్కున పట్టుకుంది. మణికట్టుకి పసుపు దారం.

"ఏటిది?"

"ఫ్యాషనమ్మా," అంది ఆ పిల్ల. అంటూ కుడి చెవి గోక్కుంది.

"సెవి వొదిలేసి కాలు సూపించు."

చెప్పు తీస్తే అరికాలు నిండా కట్టు. పెద్దమ్మ దబ్బున కూతురి పక్కనే నేల మీద కూలబడి, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "నీకు నమ్మకమే లేదు కదే. మూడనమ్మకం, మూడనమ్మకం అని నన్ను తిట్టి సంపేదానివి. నువ్వెందుకు తొక్కినావే?"

ఆ పిల్ల తల వంచుకుంది. "నిన్ను నేనే ఆపేశాను గదా. మొక్కు తప్పి నీకేటైనా అయితే?" అని ఒక్కసారిగా ఏడ్చేసింది.

మంచు మీద ఆ తల్లి అన్నది కూడా అదే మాట. ఇద్దరూ ఒకరి పాదాలు ఒకరు పట్టుకుని ఏడుస్తుంటే, ట్రాలీలు తోసుకుంటూ వచ్చేవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఒక్క మొక్కుకి అమ్మవారికి రెండుసార్లు అందింది. రసీదు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నా బొటనవేలి గురించి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"అరికాలు అంతలాగ ఎలాగ కాలిందే?" అని కూతుర్ని అడిగింది పెద్దమ్మ చివరికి, ముక్కు ఎగబీలుస్తూ.

"కాలు మండింది, పరిగెత్తేశాను."

పెద్దమ్మ కూతుర్ని చూసి, నన్ను చూసి నుదురు కొట్టుకుంది. లేచి నిలబడింది. నా సామాను కూడా తన ట్రాలీ మీదే వేసుకుని, తోసుకుంటూ ముందు నడిచింది. మా ముగ్గురిలో సరిగ్గా నడవగలిగినవి ఆ షుగరు కాళ్ళే. నేనూ నర్సమ్మా ఒకరి భుజం ఒకరు పట్టుకుని కుంటుకుంటూ వెనకాల వెళ్ళాం.

తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"రండే, రండి," అంది. "పరిగెత్తకండి."